నిద్ర కూడా చదువే

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పేరు మీరు వినే ఉంటారు. అది రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగువాళ్లు ఎందరో పని కోసం అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. నేను పెరిగింది అక్కడి రైల్వే క్వార్టర్లలోనే.

మా వరుసలో రైలు డ్రైవర్లు ఉండేవారు. ఇప్పుడు వారిని లోకో పైలట్లు అంటున్నాం. వారి డ్యూటీకి వేళాపాళా ఉండదు. రాత్రంతా బండి నడిపినవారు పగలు పడుకునేవారు. "గోల చెయ్యకండర్రా, మావయ్య పడుకున్నాడు" అని పెద్దలు మమ్మల్ని మందలించేవారు. డ్యూటీ కబురు తెచ్చే కాల్‌బాయ్ తలుపు తట్టేదాకా ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ఆ పగటి నిద్రను ఎవరూ సోమరితనం అనలేదు. డ్రైవర్ కునికితే ఎర్ర సిగ్నల్ కనబడదు. అందుకే పొరుగూళ్లో డ్యూటీ దిగినవారు పడుకోవడానికి రైల్వే రన్నింగ్ రూములు కట్టింది.

కాని అవే ఇళ్లలో కాలేజీ పిల్లలు పరీక్షల ముందు తెల్లవార్లూ మేలుకొంటే, "ఎంత శ్రద్ధో!" అని మెచ్చుకునేవారు. ఇది సరైనదేనా? ఆలోచించండి.

పగలు చదివినదాన్ని మెదడు నిద్రలో జ్ఞాపకంగా గట్టిపరచుకుంటుంది. నిద్ర చాలకపోతే కొత్త పాఠం సరిగా ఎక్కదు. చదివిన పాఠం నిలవదు. మన శరీరంలో వెలుగుచీకట్లను అనుసరించే గడియారం కూడా ఉంది. అది పనిచేసే తీరును కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. రోజుకొక వేళకు పడుకుంటే ఆ గడియారం తడబడుతుంది.

కాలేజీ వయసువారికి రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. మీలో చాలామంది పగలు పనిచేసి రాత్రి పుస్తకం పడతారు. సమయం చాలదన్నది నిజమే. అయినా నిద్రను తగ్గించి చదువుకు ఇవ్వకండి. రోజూ ఒకే వేళకు పడుకొని, ఒకే వేళకు లేవండి. సాయంత్రం దాటాక టీ మానండి. దాని ప్రభావం గంటల తరబడి ఉంటుంది. సెల్‌ఫోనును పక్కకు దూరంగా పెట్టండి. రాత్రి షిఫ్టు చేసేవారు పగలు గదిని చీకటి చేసుకొని పడుకోండి. కళ్లు మూతలు పడుతుంటే పుస్తకం మూసేయండి. పరీక్ష ముందు రాత్రి కూడా ఈ నియమం తప్పకండి. మీరు కష్టపడి చదివినది మర్నాడు గుర్తుకు రావాలంటే ఆ రాత్రి నిద్ర ఎంతో అవసరం.