కంది చేలో పంచనామా

నవంబర్ 21, 2023
పొద్దున్నే ఫోన్. మధ్యవర్తిగా రమ్మన్నారు. ఏ ఊరికో జీపెక్కాక చెప్పారు.
కంది మనిషెత్తు దాటింది. ఆ సాళ్ల మధ్యే గంజాయి. గట్టు మీంచి చూస్తే తెలీదు. లోపలికి పోతే వాసనే చెప్తుంది.
ఒళ్లు సోదా చేయాలంటే గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేట్ ముందో చేయించుకునే హక్కుందని చేనుగల పెద్దాయనకు చదివి వినిపించారు. "నా జేబులో ఏముంటాది సార్, బీడీలు తప్ప. మీరే చూడండి." అయినా తహసీల్దారు వచ్చేదాకా ఆగాం. ఎండ మాడ్చేసింది. పెద్దాయనే కడవ తెచ్చి అందరికీ నీళ్లు పోశాడు. పోలీసులకు కూడా.

నవంబర్ 22
రాత్రి నిద్ర లేదు. చేతులకు ఇంకా ఆ జిగురే.
నిన్న బండల గోడ మీద కాగితం పెట్టుకుని రాశా. మొక్కలు వేళ్లతో సహా పీకారు. కాటా కిరాణా కొట్టుది. మట్టి, కాడలు, ఆకులు అన్నీ కలిపే తూచారు. మత్తుమందుల చట్టంలో గంజాయంటే పూత, కాయ గుత్తులే కదా. 'పచ్చి మొక్కలు, వేర్లు, మట్టితో సహా' అని రాస్తానన్నా. రాయండి అన్నాడు ఎస్సై. సాగు కేసుకు బరువుతో పనిలేదట, 20(ఎ) సెక్షన్. పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.
మరి నేనెందుకు పట్టుబట్టి రాశాను? ఏమో. చూసింది రాయకపోతే నన్ను తీసుకుపోవడం దేనికి?

నవంబర్ 27
ఆ సర్వే నంబరుకు ధ్రువపత్రం అడిగారు.
1బీ రికార్డులో పెద్దాయన తండ్రి పేరు. పోయి ఏళ్లయింది, పేర్లు మార్పించుకోలేదు. భాగంలో తమ్ముడూ ఉన్నాడు, నాపరాళ్ల గనిలో కూలి. ఈ-క్రాప్ పంట నమోదు తీస్తే ఫోటో పెద్దాయన కొడుకుది, వేలిముద్రా కొడుకుదే. పంట: కంది.
ఆ కొడుకు ఊళ్లో లేడు. ఎప్పట్నుంచో ఎవరూ చెప్పరు.
మూడు పేర్లూ ఉన్నదున్నట్టు రాసిచ్చా.

డిసెంబర్ 9
మేజిస్ట్రేట్ ముందు నమూనాలు తీశారట. 52ఎ సెక్షన్ ప్రకారం. జాబితా, ఫోటోలు, ఆయన సంతకం. 2016లో మోహన్‌లాల్ కేసు తీర్పొచ్చాక దీని మీద లాయర్లు గట్టిగా పట్టుకుంటున్నారు. చేలోనే పొట్లాలు కట్టి లక్క వేసిన రోజులు నాకు తెలుసు.
స్టేషన్ దగ్గర టీ కొట్లో ఒకాయన: "చెట్టు కండ్లకు కనపడతాంటే ఇంకేం కావాల? ఇదంతా దొంగల్ని తప్పించేకే." చెట్టు కనపడుతుంది. నాటినోడు కనపడతాడా? అడగలేదు. నాపరాళ్ల పాలిష్ మిషన్ల హోరు. టీలో కూడా తెల్లటి దుమ్ము.

ఫిబ్రవరి 6, 2024
పెద్దాయన బెయిలు మీద వచ్చాడు. సాగు కేసు కాబట్టి 37 సెక్షన్ అడ్డం రాలేదని లాయరు చెప్పాడట. ఆఫీసు గుమ్మంలో నిలబడి పెన్షన్ సంగతి అడిగాడు. బాగా చిక్కిపోయాడు.
కొడుకు మాట నోటిదాకా వచ్చింది. కంది ఎవురు కోసినారని అడిగా.
"తమ్ముడు కోసినాడు సార్. సగం రాలిపాయ."

జులై 17, 2025
కర్నూలు కోర్టు. మధ్యాహ్నం దాటాక పిలిచారు.
కాటాకు తూనికల శాఖ ముద్ర ఉందా? చూడలేదు. ముద్దాయి విత్తనం వేస్తుంటే చూశారా? లేదు. నీళ్లు కడుతుంటే? లేదు. ఈ-క్రాప్‌లో ఫోటో ఎవరిది? చెప్పా. లాయరు అలఖ్ రామ్ తీర్పు ఎత్తాడు. చేలో చెట్లున్నాయంటే చాలదు, పెంచింది ఇతనేనని ప్రాసిక్యూషన్ చూపాలని సుప్రీంకోర్టు అన్నదే. పీపీ నా వైపు అదోలా చూశాడు. లాయరు ముఖంలో సంతోషం. పెద్దాయన ముఖంలో లేదు.
బయట వరండాలో దగ్గరికొచ్చాడు. "నా పేరొకటే రాసింటే అయిపోతాండె గద సార్. వాన్నెందుకు రాస్తిరి?"
బత్తా కాగితం మీద సంతకం పెట్టాలని లోపల్నుంచి పిలిచారు. పోయా.