జడల బర్రెల కొండలలో

2018 జూన్ మాసంలో మేమూ, మా సంఘ పెద్ద ఒకరూ లడఖ్ వెళ్లితిమి. లేహ్ పట్టణంలో 1885లో మొరేవియన్ మిషనరీలు ప్రారంభించిన సంఘమున్నది. శనివారం విమానం దిగి, ఆదివారం అక్కడ ఆరాధించాము. లేహ్ పట్టణమే 11,500 అడుగుల ఎత్తు. ఇంకా రెండు రోజులు ఆగి వెళ్లండని అక్కడి సహోదరులు చెప్పినా మేము వినలేదు. సెలవులు అయిపోవుచున్నవన్న తొందర! సోమవారమే పాంగాంగ్ సరస్సుకు బయలుదేరితిమి.

చాంగ్ లా కనుమ 17 వేల అడుగుల పైమాట. అక్కడికి చేరేసరికి పెద్దాయనకు విపరీతమైన తలనొప్పి, వాంతులు. పెదవులు నీలమెక్కినవి. మా నోట ప్రార్థన కూడా సరిగా రాలేదు, అంత ఆయాసం. డ్రైవరు మాత్రం కంగారుపడక, "కిందికి దిగడమే దీనికి మందు" అని బండి వెనక్కు తిప్పాడు.

శక్తి గ్రామం పైన ఉన్న పచ్చికలో కాసేపు ఆగాము. అక్కడ జడల బర్రెలు తాపీగా మేస్తున్నవి. మన కావ్యాలలోని చమరీమృగం ఇదే. వింజామరలు దీని తోకతో చేసేవారు. మన ఎద్దుకు 13 జతల పక్కటెముకలుంటే దీనికి సాధారణంగా 14 జతలు. ఆ విశాలమైన రొమ్ములో పెద్ద గుండె, పెద్ద ఊపిరితిత్తులు. ఎత్తుకు పోయినకొద్దీ మన ఊపిరితిత్తులలోని రక్తనాళాలు బిగుసుకొంటవి, కొందరికి అందులో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. జడల బర్రెకు ఆ నాళాల గోడలు పలుచన, అంతగా బిగుసుకోవు. పైన నేలను తాకేంత జడలు, లోపల మెత్తని ఉన్ని. మంచు పడితే మూతితో, గిట్టలతో తవ్వి గడ్డి వెదకుకొంటుంది.

"మా ఊరు తోలుకెళ్తే బతుకుతుందా?" అని అడిగాము. డ్రైవరు నవ్వి, "లేహ్ ఎండకే రొప్పుతుందండీ" అన్నాడు. దానికి చెమట పట్టేది బహు తక్కువ.

అయినా దానికీ ఒక హద్దున్నది. 2018 డిసెంబరు మొదలు ఉత్తర సిక్కింలో మంచు ఎడతెగక కురిసి గడ్డిని కప్పివేయగా, సుమారు 300 జడల బర్రెలు ఆకలితో చచ్చెనని 2019 మే నెలలో పత్రికలలో చదివి మేము చాలా బాధపడ్డాము. చలి వాటిని చంపలేదు, మేత దొరకక చచ్చినవి.

సాయంకాలం లేహ్ చేరేసరికి పెద్దాయన తేరుకొని, వేడి గంజి తాగి, మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, ఆ బర్రెకు ఎన్ని జతల ఎముకలన్నారు?"