జీపు మావయ్యకి మేం బాకీపడ్డ బ్యాటరీ

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. ఇందులో మా గొప్పేమీ లేదు. మా మాట నమ్మి ఒక మనిషి ఆరు వేలు పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాం.

మేము ముగ్గురం. పాడేరు వైపు ఒకే ఊరివాళ్లం, ఒకే హాస్టల్, ఒకే బీఎస్సీ ఫిజిక్స్. మా మూడిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెలవులకి ఊళ్లో దిగితే చాలు, సెల్‌ఫోన్ దగ్గర్నుంచి బ్యాంకు పాస్‌బుక్ దాకా అన్నీ మా ముందుకే వస్తాయి. "సదువుకున్న గుంటలు, ఆళ్లకి తెల్దా" అంటారు. తెలియదని చెప్పడానికి మాకు నోరు రాదు. మీలో చాలామందికి ఈ బాధ తెలిసే ఉంటుంది.

మా ఊరికి 108 రాదు, కింద తారురోడ్డు దగ్గరే ఆగిపోతుంది. అక్కడిదాకా దింపేది మావయ్య జీపే. పాత మహీంద్రా 540, ఫోర్ బై ఫోర్. వానాకాలం గెడ్డ దాటాలన్నా, బురదలో గట్టెక్కాలన్నా నాలుగు చక్రాలూ లాగాల్సిందే. అందులో ఆయన రెండో బ్యాటరీ పెట్టాడు. సంతరోజు మైకుసెట్టుకి, వెనకాల లైటుకి, వానలకి కరెంటు పోయి రెండు మూడు రోజులు రాకపోతే ఊరి ఫోన్లు ఛార్జింగ్ పెట్టడానికి. ఫోన్లు చచ్చిపోతే 108కి చెప్పేదెవరు?

మొదట్లో రెండు బ్యాటరీలూ నేరుగా కలిపేశారు, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. అలా కలిపితే ఛార్జి కలిసే ఎక్కుతుంది, కలిసే దిగిపోతుంది కూడా. పోయిన వానల్లో ఒక రాత్రి మా వదినకి నొప్పులొచ్చాయి. ఆ సాయంత్రం నుంచీ ఊరి ఫోన్లన్నీ జీపుకే వేలాడుతున్నాయి. తాళం తిప్పితే 'టక్' మని ఊరుకుంది. డీజిల్ బండి కదా, సెల్ఫ్ తిరగాలంటే కరెంటు గట్టిగా కావాలి. పదిమంది కలిసి పల్లం దాకా తోసి స్టార్ట్ చేశారు. ముప్పావుగంట పోయింది. బిడ్డ దారిలోనే, జీపులోనే పుట్టింది. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. కానీ మావయ్య ఆ రాత్రిని మర్చిపోలేదు.

తర్వాత ఆయన టౌనుకెళ్లి రెండు బ్యాటరీల మధ్య రిలే పెట్టించాడు. అది వోల్టేజి చూసి పనిచేసే రిలే. ఇంజిన్ నడిచి మొదటి బ్యాటరీ 13.3 వోల్టులు దాటితే రెండోదాన్ని కలుపుతుంది, 12.8కి దిగితే విడగొడుతుంది. ఇంక స్టార్టింగ్ బ్యాటరీ జోలికి మైకు గానీ ఫోన్లు గానీ రాలేవు. ఆలోచన మంచిదే. అప్పుడే రెండో బ్యాటరీని వెనక సీటు కిందకి మార్చారు.

దసరాకి మేం వెళ్లేసరికి రెండోది ఛార్జి ఎక్కడం లేదు. "సూడండ్రా" అన్నాడు మావయ్య. మేం చూశాం. మా చేతిలో ఉన్నది ఒక చిన్న బల్బు, రెండు తీగలు. మొదటి బ్యాటరీ ప్లస్ నుంచి ఒక తీగ తెచ్చి, రెండోది వెనక సీటు కింద ఎర్త్ బోల్టుకి తాకిస్తే బల్బు వెలిగింది. ఎర్త్ బాగుంది, వైరింగ్ బాగుంది అన్నాం. ఇంక మిగిలింది బ్యాటరీయే. "పోయింది మావయ్యా, మార్చాల్సిందే." ముగ్గురం ఒకే మాట చెప్పాం కాబట్టి ఆయనకి అనుమానం రాలేదు. కాఫీ గింజలకి దాచుకున్న డబ్బుల్లోంచి ఆరు వేలు తీసి కొత్తది కొన్నాడు. పాతది షాపులోనే ఇచ్చేశాడు.

నెల తిరక్కుండా ఫోన్. "అల్లుడూ, కొత్తది కూడా అంతేరా." తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మేం పరీక్షల్లో ఓమ్ సూత్రం నిరూపణతో సహా రాసినవాళ్లం. ల్యాబ్‌లో మీటరు మాత్రం ముందు బెంచీవాళ్ల చేతుల్లో తిరిగేది, మేం రీడింగులు ఎక్కించుకునేవాళ్లం. ఈసారి తలా కొంత వేసుకుని పసుపురంగు మల్టీమీటరు ఒకటి కొన్నాం. సంక్రాంతికి అది పట్టుకునే ఊరెక్కాం.

ఇంజిన్ ఆపి చూస్తే మొదటిది 12.6, అంటే నిండుగా ఉన్నట్టు. రెండోది 11.9, దాదాపు ఖాళీ. ఇంజిన్ వేసి కొంచెం రేజ్ చేస్తే మొదటిదాని మీద 14.1 వచ్చింది. ఆల్టర్నేటర్‌కి జబ్బేం లేదు. రెండోదాని దగ్గర వింత. రిలే 'టిక్' మంటుంది, కొన్ని సెకన్లు 12.5 చూపిస్తుంది, మళ్లీ 'టిక్', పడిపోతుంది. టిక్కూ టిక్కూ, అదే వరస.

"రిలే పోయింది, మావ..." అని మాలో ఒకడు నోరు తెరిచాడు. మిగతా ఇద్దరం వాడి భుజం నొక్కాం.

జంపర్ కేబుల్‌తో రిలే రెండు పెద్ద బోల్టులనీ కలిపేశాం, అంటే రిలే లేనట్టే. (చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి, నిప్పురవ్వ ఖాయం.) అయినా రెండోదాని మీద 12.5 దాటలేదు. అంటే తప్పు రిలేది కాదు. 14.1లో 1.6 వోల్టులు దారిలో ఎక్కడో మాయమవుతున్నాయి.

ఇక్కడ చేసిన పని చాలా చిన్నది. కరెంటు పారుతుండగానే మీటరు ఒక ముల్లు మొదటి బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి రెండోదాని ప్లస్ మీద పెట్టాం. 0.2. పొడుగు తీగకి ఆ మాత్రం పోతుంది. తర్వాత మైనస్ నుంచి మైనస్‌కి పెట్టాం. 1.4! మేం అందరం ప్లస్ తీగ వెంటే తిరిగాం, మైనస్ వైపు చూసినవాడు లేడు.

సీటు ఎత్తి ఒక్కో అతుకూ చూసుకుంటూ పోయాం. తీగకీ లగ్గుకీ మధ్య ఏమీ పోవడం లేదు. ఎర్త్ బోల్టుకీ బాడీ రేకుకీ మధ్యే అంతా పోతోంది. రేకు మీద రంగు గీకకుండా, రంగు మీదే బోల్టు బిగించేశారు. దాని చుట్టూ ఎర్రమట్టి, తుప్పు. రిలే నల్ల తీగ కూడా అదే బోల్టుకి ఉంది. దాంతో టిక్కు సంగతి తేలిపోయింది. రిలే కలపగానే కరెంటు ఆ బోల్టు గుండా పారి 1.4 పోతుంది. రిలే కంటికి 14.1 కాస్తా 12.7గా కనబడుతుంది. 12.8 కంటే తక్కువ కదా, విడగొట్టేస్తుంది. విడగొట్టగానే మళ్లీ 14.1, మళ్లీ కలుపుతుంది. పాపం అది చెప్పినట్టే పనిచేస్తోంది.

దసరాకి బల్బు ఎందుకు వెలిగిందో కూడా అప్పుడే అర్థమైంది. బల్బు లాగేది అర ఆంపియర్. ఆ కాస్తకి ఆ బోల్టు దారి ఇస్తుంది. బ్యాటరీ లాగేది పదిహేను ఆంపియర్లు అనుకుంటే, ఓమ్‌లో పదోవంతు కూడా లేని అడ్డు 1.4 వోల్టులు మింగేస్తుంది. సూత్రం మాకు నోటికొచ్చినదే.

కత్తితో, గరుకుకాగితంతో తెల్లరేకు తేలేదాకా గీకి బిగించాం. మొదటి బ్యాటరీ మైనస్ నుంచి లావుపాటి తీగ ఒకటి అదనంగా లాగాం. ఇప్పుడు మైనస్ వైపు 0.1, రెండోదాని మీద 13.8. రిలే ఒక్కసారి 'టిక్' మని ఊరుకుంది. ఇంకో సంగతి, ఆ పొడుగు ప్లస్ తీగకి ఫ్యూజే లేదు. తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే జీపు తగలబడేది. రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉంది కాబట్టి రెండు కొసల్లోనూ ఫ్యూజు పెట్టాం. ఆ రాత్రి ఇంజిన్ ఆపి తెల్లారేదాకా లైటు వేసి ఉంచాం. పొద్దున్న మొదటిది 12.6, తాళం తిప్పగానే స్టార్ట్.

షాపులో ఇచ్చేసిన పాత బ్యాటరీ మంచిదే అయి ఉంటుందని మా అనుమానం. స్కాలర్‌షిప్ పడగానే ఇస్తామని మావయ్యతో అన్నాం. "డబ్బులేటికిరా, ఆ మీటరు ఇక్కడ ఒగ్గేసి పోండి" అన్నాడు. ముళ్లు ఎక్కడ పెట్టాలో, ఏ అంకె చూడాలో చూపించి ఇచ్చేసి వచ్చాం. బాకీ మాత్రం మా లెక్కలో అలాగే ఉంది.

మొన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. "13.4 సూపిస్తందిరా, ఏటో తేడా." బండి నడుస్తుండగానే ముందు మైనస్ నుంచి మైనస్‌కి చూడమని చెప్పాం. జవాబు ఇంకా రాలేదు, పైన సిగ్నల్ లేనట్టుంది.