పర్మనెంట్ అంటే ఏంది సార్?

మొన్న హుజూర్‌నగర్ బస్టాండ్ కాడ చాయ్ తాగుతుంటే మా వాడ తమ్ముడొకడు కలిసిండు. నా పాత స్టూడెంటే. డిగ్రీ అయి మూడేండ్లు. మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల కాంట్రాక్టరు కింద చేస్తున్నడు. ఫోన్‌ల ఒక కాగితం చూపెట్టిండు. దుబాయ్‌ల గోడౌన్ పని.

"ఏజెంటు పర్మనెంట్ అంటున్నడు సార్. లక్షా ఇరవై వేలు అడుగుతున్నడు. ఇక్కడున్నది కాంట్రాక్టే గదా, పోవాల్నా?"

తొమ్మిదేండ్ల సంది కాంట్రాక్టు లెక్చరర్‌గ ఉన్నోన్ని అడగాల్సిన ప్రశ్నేనా ఇది!

కాగితం రెండుసార్లు చదివిన. యూఏఈల ఇంతకుముందు 'అన్‌లిమిటెడ్' కాంట్రాక్టు ఉండేది. గడువు తేదీ ఉండదు గాబట్టి మనోళ్లు దాన్నే పర్మనెంట్ అనుకునేటోళ్లు. 2022 ఫిబ్రవరి 2న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక చట్టం దాన్ని తీసేసింది. అది ఉన్నప్పుడు గూడ వీసా రెండు మూడేండ్లదే. కొలువు పోతే, కొద్ది రోజుల్ల ఇంకో కొలువు దొరక్కపోతే, ఆ దేశంల ఉండే హక్కు గూడ పోతది.

గట్లని గడువున్న కాంట్రాక్టంతా మోసమని గాదు. 1980 నాటి పాత చట్టంల, ఐదేండ్లు నిండకముందు నడుమల రాజీనామా చేస్తే అసొంటోనికి గ్రాట్యుటీ రాకపోయేది. ఇప్పుడు ఏడాది నిండితే చాలు, మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం లెక్కన రావాలె. బేసిక్ అన్న మాట మీద వేలు పెట్టి చూపించిన. తమ్ముని కాగితంల బేసిక్ సగం గూడ లేదు, మిగిలిందంతా అలవెన్సులు.

భూమి లేని మా వాడకు రిజర్వేషన్ల వచ్చిన సర్కారు కొలువే మొదటి ఆస్తి. పర్మనెంట్ అన్న మాట మా ఇండ్లల్ల ఎంత బరువో ఏజెంటుకు బాగ తెలుసు. ఇక్కడ కొలువులు ఔట్‌సోర్సింగ్‌లకు పోయినకొద్దీ ఆ మాటనే వాడు అక్కడిదని అమ్ముతున్నడు. పాలమూరు లేబర్‌కు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీస్కపోయేటోడు. గల్ఫ్‌కు పోయేటోడు తానే ఎదురు అడ్వాన్సు కడుతున్నడు.

లైసెన్సున్న ఏజెంటైనా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ తప్ప సర్వీసు చార్జీ తీసుకోవద్దని మన దేశపు రూల్. ఈ మాట చెప్పంగనే తమ్ముడు తల వంచుకున్నడు. అమ్మ పుస్తెలతాడు కుదువబెట్టి అరవై వేలు అప్పటికే పంపిండట.

పోవద్దని నేను చెప్పలే. నా రెన్యూవల్ ఆర్డరే ఈ ఏడు ఇంకా రాలే, ఏ మొఖంతోని చెప్పాలె? రశీదు ఉన్నదా అంటే లేదన్నడు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఉన్నదట. అది పోగొట్టుకోకు అని చెప్పి, ఇద్దరం అక్కడే కూసోని ఈమైగ్రేట్ సైట్ల ఆ ఏజెంటు పేరు వెతికినం.

దొరకలే.