మా ముసలిపిల్లి యూపిరి

మార్జాలకిశోర న్యాయమును పాఠశాలలో నెన్నిమారులు బోధించితిమో లెక్కలేదు. తల్లిపిల్లి కూనను నోట గరచుకొని కాపాడునట్లు దైవము జీవుని గాపాడునని చెప్పి, పిల్లలచే తల లూపించితిమి. అయినను మా యింటిపిల్లి 14 ఏండ్ల ముసలిదై యూపిరికై పెనగులాడిన దినమున ఆ న్యాయము మాకు జ్ఞప్తికి రాలేదు.

మా కాపురము పాల్వంచకును భద్రాచలమునకును నడుమ, అడవి యంచున. గత మాఘమాసమున నది పండుకొనుట మాని, మోచేతు లెడముగా బెట్టి, మెడ చాచి, కూర్చుండియే కునుకుచుండెను. తిండి తగ్గెను. ముసలితనమని మేము పత్రికలో మొగము దూర్చితిమి. మా గృహిణి యూరకుండలేదు. "ఏమండీ, ముసలితనమున ఆకలి మందగించును గాని డొక్క లెగురునా?" అని, గడియారము ముందుంచుకొని, అది కునుకువేళ రొమ్ము లేచిపడుటను లెక్కించెను. నిమిషమునకు 48! నిద్రించు పిల్లికి 30కి మించరాదు.

అప్పుడు మేము చేసిన ఘనకార్యము, మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ బిళ్లను ముక్కచేసి తెచ్చుట. ఫోనులో పశువైద్యుడు కేకవేసి వారించెను. ఆ మందును హరించుకొను శక్తి పిల్లి కాలేయమునకు లేదు. అది నెత్తురు ప్రాణవాయువును మోయు శక్తినే చెరచును. నోట నీరు పోయవలదనియు, ఎత్తి యాడింపవలదనియు, గాలియాడు బుట్టలో వెంటనే తెమ్మనియు నాయన చెప్పెను. నోరు తెరచి రొప్పినను, చిగుళ్లు నీలివన్నె దాల్చినను క్షణమైన తాళరాదట.

ఖమ్మమునకు కారు మాటాడవలెను. "పిల్లికి కారు కిరాయా, సారూ?" అని అరుగుమీదివారు నవ్వుదురని జంకి, తెల్లవారు బస్సుకొరకు రాత్రియెల్ల నిలిపితిమి. వేకువను అది నోరు తెరచెను. అప్పుడు సిగ్గు పారిపోయెను, కారు వచ్చెను.

వైద్యుడు ముందుగా ప్రాణవాయువు నందించి, పిదప సూదితో రొమ్ములోని నీరు తీసెను. గుండె చెడుటచే ఊపిరితిత్తుల చుట్టు నీరు చేరెనట. ఉబ్బసమైనను రక్తహీనతయైనను ఇట్లే రొప్పించుననియు, కావున పరీక్షింపక మందీయరాదనియు చెప్పెను. అది మరి మూడుమాసములు జీవించి, మా గృహిణి యొడిలో కన్ను మూసెను. ఒక్కరాత్రి ముందు తెచ్చియున్న నింకను బ్రతికెడిదా యని మేమడుగలేదు, ఆయన చెప్పలేదు.

పిల్లిని చంపినవాడు బంగారుపిల్లిని దానమీయవలెనని మనవారందురు. నలుగురి నవ్వునకు వెరచి దానిని రాత్రియెల్ల రొప్పనిచ్చినవానికి ప్రాయశ్చిత్త మెవ్వరును విధింపలేదు. చదువరులారా, మాకు తోచినది స్వల్పము: మీ యింట ముసలిపిల్లి యున్నచో, వారమున కొకమారు అది నిద్రించునపుడు దాని యూపిరులు లెక్కింపుడు. గడియారమున్న చాలును, బంగారముతో పనిలేదు.