తెరచాప ఓడల పరిభాష: పేర్లు, అర్థపరిణామం

ఉపోద్ఘాతం

వృత్తిపదాలకు మన నిఘంటువుల్లో దక్కిన చోటు తక్కువ. కావ్యంలోకి వచ్చిన మాట నిఘంటువుకెక్కింది. పనివాళ్ళ నోట మాత్రమే నలిగిన మాట ఆ పనితోపాటే మరుగున పడింది. తెరచాప ఓడల పరిభాష ఇందుకు చక్కని ఉదాహరణ. పెద్ద ఓడ మీద పదుల కొద్దీ తాళ్ళు, ప్రతి తాడుకూ ఒక పేరు. చీకటిలో, గాలివానలో ఆజ్ఞ వినబడగానే నావికుడి చేయి సరైన తాడు మీదికే పోవాలి. పొరబడితే చాప చినుగుతుంది, కొయ్య విరుగుతుంది, మనిషి నీళ్ళపాలవుతాడు. ఇంత కచ్చితత్వం అవసరమైన పరిభాషలోనూ అర్థాలు స్థిరంగా నిలవలేదు. ఆ మార్పుల తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చెట్టు, చాప

తెరచాపను మోసే నిలువు కొయ్యకు అమరకోశం చెప్పిన పేర్లు కూపకం, గుణవృక్షకం. గుణమంటే ఇక్కడ తాడు. కాబట్టి గుణవృక్షకం ‘తాళ్ళ చెట్టు’. ఓడ మీది కొయ్యను చెట్టుగా చూడటం సంస్కృతానికే పరిమితం కాదు. తెరచాప అడుగు అంచును చాచిపెట్టే దూలాన్ని ఇంగ్లీషు నావికులు ‘బూమ్’ అన్నారు. అది డచ్చివారి నుంచి తెచ్చుకున్న మాట. ఆ భాషలో దానికి చెట్టు అనే అర్థం. తమిళంలో ఓడకొయ్య ‘పాయ్‌మరం’. అందులో ‘మరం’ చెట్టు. ‘పాయ్’ పడుకునే చాపకూ ఓడ తెరకూ ఉమ్మడి పేరు. కన్నడ ‘హాయి’ దీని సోదరరూపమే. తెలుగు ‘తెరచాప’లో తెర పనిని చెబితే, చాప అల్లికను చెబుతుంది. హిందూ మహాసముద్ర తీరాల్లో ఆకులతో అల్లిన చాపలనే ఓడలకు కట్టిన కాలం ఒకటుంది. వస్త్రం వచ్చి ఆ చాపలను తొలగించినా పేరును తొలగించలేకపోయింది.

పేరు నిలిచి వస్తువు మారడం

ఇంగ్లీషులో ‘షీట్’ అంటే దుప్పటి, రేకు, కాగితం. అయితే ఓడ మీద షీట్ అనేది గుడ్డ కాదు, తాడు. ప్రాచీన ఆంగ్లంలో దీని మూలపదానికి తెరచాప కింది మూల అని అర్థం. ఆ మూలకు కట్టిన తాడును మొదట ‘షీట్ తాడు’ అనేవారు. క్రమంగా తాడు అనే ఉత్తరపదం లోపించి, మూల పేరే తాడుకు నిలిచింది. సమాసంలో ఒక అవయవం రాలిపోయి, మిగిలినదే మొత్తం అర్థాన్ని మోసే ఈ తీరు అర్థవిపరిణామ అధ్యయనంలో పరిచితమైనదే.

ఇంతకన్నా ఆసక్తికరమైనది ‘మెజ్జానా’ ప్రయాణం. ఇటలీ నావికులకు ఇది వెనుక కొయ్య తెరచాప. ఇంగ్లీషులో ‘మిజెన్’గా మారినా వెనుకనే ఉంది. ఫ్రెంచిలో ‘మిజేన్’ మాత్రం ఓడ ముందు కొయ్యకు పేరైంది. ఒకే మాటను నమ్ముకుని ఒక ఓడ నుంచి మరొక ఓడకు మారిన నావికుడు ఎదురు కొసకు పరుగెత్తవలసిందే. వ్యుత్పత్తి ఒక్కటే అర్థాన్ని నిర్ణయించదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

లస్కరీ సాక్ష్యం

ఆసియా తీరాల నావికులు ఐరోపా ఓడల మీద పనిచేస్తూ మాట్లాడిన మిశ్రభాష లస్కరీ. థామస్ రోబక్ సంకలనం చేసిన ఇంగ్లీషు-హిందుస్తానీ నౌకా నిఘంటువు 1811లో కలకత్తాలో వెలువడింది. దాని పేరు హిందుస్తానీదే గాని, అందులో పోర్చుగీసు మాటలు కనిపిస్తాయి. ముందు తెరచాప ‘తిర్కట్’. దాని మూలం పోర్చుగీసు ‘త్రాకేత్’. కొయ్య పైకి ఎక్కడానికి అడ్డంగా కట్టే తాళ్ళు ‘ఇస్కాత్’. మూలం నిచ్చెన అనే అర్థమున్న ‘ఎస్కాద’. పై తెరచాప ‘గావీ’. కొయ్య మీది మంచె పేరైన ‘గావియ’ దీని మూలం. దాని వెనుక పంజరమనే లాటిన్ పదముంది. పంజరం మంచెగా, మంచె తెరచాపగా మారింది.

లస్కరు అనే మాట కూడా ఇలాగే దారి మార్చుకుంది. పారశీకంలో ‘లష్కర్’ సైన్యం. ఓడ మీద నావికుడు. కోస్తా కాలువ గట్ల మీద నీటి పంపకం చూసే ఉద్యోగి.

తెలుగు తీరం

తెలుగు నావికపదాల్లోనూ ఈ కలయిక ఉంది. ఓడ, తెడ్డు, తెరచాప దేశ్యాలు. చుక్కాని అరబీ ‘సుక్కాన్’ నుంచి, లంగరు పారశీకం నుంచి వచ్చాయి. నావికుల మీద అధికారి అయిన తండేలు పేరును 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు మలయాళ, తెలుగు రూపాలతో నమోదు చేసింది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది. ఆ కొయ్యలను అప్పటి తీరవాసులు ఏమని పిలిచారో నాణెం చెప్పదు. బొమ్మ లోహం మీద నిలిచింది. పేరు నోటి మీదే ఉండిపోయింది.

ముగింపు

ఓడ పరిభాషలో అర్థాన్ని నిలిపేది ధాతువు కాదు, పని. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశం, పదాన్ని పనివాడి దగ్గరే సేకరించాలన్న పద్ధతిని తెలుగులో స్థిరపరచింది. తెరచాప స్థానంలో యంత్రం వచ్చిన తీరగ్రామాల్లో ఆ పద్ధతి ఇప్పుడు మరింత అవసరం. అక్కడ నామవాచకాల పట్టిక ఒక్కటే చాలదు. గాలి మళ్ళినప్పుడు తండేలు ఏమని కేక వేసేవాడు, ఆ కేకకు ఎవరి చేయి ఏ తాడు మీదికి పోయేది అన్నవి కూడా పెద్దల నోటి నుంచే నమోదు కావాలి. తాడు పేరుకు అర్థం ఆ కేకలోనే ఉంది.