చప్పుడు చేయని ఫ్రిజ్

ఇల్లు కదిలితే వంటిల్లూ కదులుతుంది. అయినా ప్రయాణ సాహిత్యం చదివినంతకాలం నాకు ఆ వంటిల్లు సరిగ్గా కనబడలేదు. జాన్ స్టైన్‌బెక్ 1960లో ట్రక్కు మీద చిన్న ఇల్లు కట్టించుకుని, కుక్కని వెంటబెట్టుకుని అమెరికా చుట్టొచ్చి, 1962లో 'ట్రావెల్స్ విత్ చార్లీ' ప్రచురించాడు. ఆ బండిలో బ్యూటేన్ గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉంది. సామాన్ల జాబితాలో మంచం, పొయ్యిల పక్కన అదీ ఒక మాట. రోడ్డు మీది స్వేచ్ఛ గురించి రాసే మగవాళ్లకి పాలు విరిగిపోవడం పెద్ద విషయంగా తోచదు కాబోలు.

2023 జూన్‌లో అమ్మా నేనూ హైదరాబాద్ నుంచి అక్క దగ్గరికి వెళ్లినప్పుడు, గ్రాండ్ కాన్యన్ చూడాలని ఫీనిక్స్‌లో ఒక ఆర్వీ అద్దెకి తీసుకున్నాం. మంచాలు, పొయ్యి, స్నానాలగది, ఫ్రిజ్ అన్నీ ఉన్న బస్సులాంటి బండి. టైర్లు, పెట్రోలు, మ్యాపులు బావగారు చూసుకున్నారు. దోసెల పిండి, పెరుగు, పాలు, పులిహోర పులుసు, కూరలు అమ్మా అక్కా సర్దారు. అక్కణ్ణించి లాస్ ఏంజిలిస్‌లో పిన్ని ఇంట్లో నెల ఉండాలి కనుక అమ్మ ఇన్సులిన్ పెన్నులు మొత్తం ఆ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

రెండో రాత్రి అక్క పాలు కాస్తే విరిగిపోయాయి. పిండి పొంగి గిన్నె దాటింది. అద్దెకిచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే "బండి ఎగుడుదిగుడు లేకుండా ఆపారా?" అని అడిగారు. బావగారు టార్చిలైటు పట్టుకుని చక్రాల కింద చెక్కలు సర్దుతూ ఉండిపోయారు. లోపల అమ్మా అక్కా కూరలన్నీ పాడవకముందే వండేద్దామని అర్ధరాత్రి దాకా పొయ్యి దగ్గరే నిలబడ్డారు. ఆయనకది మరమ్మతు, వీళ్లకది చాకిరీ.

మర్నాడు చూస్తే ఇన్సులిన్ పెన్నులు తడిగుడ్డ చుట్టి స్టీలు డబ్బాలో ఉన్నాయి. ఎప్పట్నించమ్మా అంటే, "నిన్న పొద్దుట్నించే చల్లగా లేదే. చెప్తే అల్లుడు బండి వెనక్కి తిప్పేస్తాడని ఊరుకున్నా" అంది. వాడుతున్న పెన్ను గది చల్లదనంలో నాలుగు వారాలదాకా ఆగుతుంది. విప్పనివి మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అరిజోనా ఎండలో నిలబెట్టిన బండిని గది అనలేం. ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఐస్‌పెట్టె, ఐసు కొని, పెన్నులు ఐసుకి తగిలి గడ్డకట్టకుండా వేరే డబ్బాలో పెట్టాం. పాడైన ఇన్సులిన్ చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు. తర్వాత చాలా రోజులు అమ్మ వేలు పొడిచి షుగర్ చూసుకున్నప్పుడల్లా అక్కా నేనూ ఊపిరి బిగబట్టాం.

ఆ ఫ్రిజ్ కథ తెలుసుకోవాలనిపించింది. మన ఇళ్లలో ఉన్నట్టు దాంట్లో కంప్రెసర్ లేదు. స్వీడన్‌లో 1922లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, మున్టర్స్, కనిపెట్టిన పద్ధతి అది. గ్యాస్ మంటతోనో కరెంటుతోనో వేడి చేస్తే నీళ్లలోంచి అమ్మోనియా ఆవిరై, పైన చల్లబడి ద్రవమై, హైడ్రోజన్‌తో కలిసి మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. తిరిగి నీళ్లలో కలిసి కిందికి జారుతుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. అంతా భూమ్యాకర్షణ మీదే ఆధారం. అందుకే బండి వాలుగా నిలబడితే ద్రవం ఎక్కడో ఆగిపోతుంది. బాయిలర్ మితిమీరి కాగుతుంది. గొట్టాలు తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఒకసారి మూసుకుపోతే బాగుపడటం కష్టం. బయట ఎండ మండిపోతున్నా, ఏడువేల అడుగుల ఎత్తులో గాలి పలచబడి మంట తగ్గినా అది సరిగా పనిచేయదు. గొట్టం పగిలితే నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. అమెరికాలో 2006లో ఇలాంటి ఫ్రిజ్‌లని లక్షల్లో రీకాల్ చేశారు.

ఇదే ఫ్రిజ్ ఒకప్పుడు ఇళ్లలోనూ ఉండేది. అమెరికాలో సర్వెల్ కంపెనీ తయారుచేసేది. కదలకుండా ఒకచోట ఉండే ఇంట్లో దానికి వాలు బాధ లేదు. మరి ఎందుకు పోయింది? చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్'లో దీనికి జవాబిచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ లాంటి పెద్ద కంపెనీల దగ్గర పరిశోధనకీ ప్రచారానికీ డబ్బుంది, గ్యాస్ ఫ్రిజ్ వైపు అంత బలం లేదు. ఇల్లాలికి ఏది మేలో అన్నది గెలుపుని తేల్చలేదు. ఇంటి యంత్రాలు వచ్చినా ఆడవాళ్ల పని గంటలు తగ్గలేదన్నది కూడా ఆ పుస్తకం చెప్పిన మాటే. ఇల్లు వదిలిన గ్యాస్ ఫ్రిజ్, చదునైన నేల ఎప్పుడూ దొరకని బండిలో బతికింది. ఇప్పుడు అక్కడా బ్యాటరీతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్‌లు దాని చోటు తీసుకుంటున్నాయి.

ముందురోజే ఫ్రిజ్ వేసి చల్లబరచాలి, బండి సమంగా నిలపాలి, లోపల థర్మామీటరు పెట్టాలి, మందులు విడిగా ఐస్‌పెట్టెలో ఉంచాలి. ఎవరైనా చెప్పే జాగ్రత్తలే ఇవి. కానీ ఆ థర్మామీటరు చూసే పని ఎవరిదో ఏ మాన్యువల్లోనూ రాసి ఉండదు. చూసినవాళ్లు, అందరి సరదా పాడవుతుందని భయపడకుండా, బండి ఆపమని చెప్పగలగాలి కూడా. అరవై ఐదేళ్ల మా అమ్మకి ఆ మాట అనే చోటు మా బండిలో ఎందుకు లేకపోయిందన్నదే ఇంకా నన్ను తొలుస్తున్న ప్రశ్న.